వైద్యవిద్యలో ఐచ్ఛికభాగము : యానాము వైపునుండి ఒక విమర్శ

తెలుగు వ్యాకరణము చదివినవారికి నిత్యము, వైకల్పికము, బహుళము అను మాటలు క్రొత్తవి కావు. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణము మొదలు నేటి పాఠశాలల వాచకముల వఱకు సంధులను ఈ పేర్లతోనే బోధించుచున్నారు. తప్పక జరుగునది నిత్యము. జరిగినను జరుగకున్నను దోషము లేనిది వైకల్పికము. ఒకచోట జరిగి, ఒకచోట జరుగక, మఱియొకచోట వేఱొక రూపమున కనబడునది బహుళము. వైద్యకళాశాలలలో ఎలెక్టివు అని వ్యవహరింపబడుచున్న భాగమునకు తెలుగువారు ఐచ్ఛికమని పేరు పెట్టుకొనిరి. ఇచ్ఛనుబట్టి వచ్చునది ఐచ్ఛికము. ఆ భాగమును గుఱించిన నిబంధనలను ఒక గ్రంథమును చదివినట్లు నిదానించి చదివినచో, ఈ పేర్లలో ఏది దానికి తగునో తేల్చుట సులభము కాదు. చేసితీరవలెననుటచే అది నిత్యము; ఏది చేయవలెనను విషయమున వైకల్పికము; కళాశాలకొక తీరున నడచుటకు వీలిచ్చుటచే బహుళము. ఇచ్ఛకు దానిలో ఎంత చోటున్నది అనునది ప్రశ్న. ఆ ప్రశ్నను యానాము విద్యార్థి వైపునుండియు, యానాము రోగి వైపునుండియు అడిగినప్పుడు దాని బరువు తెలియును.

మన దేశమున వైద్యవిద్య చిరకాలము ఒకే మూసలో నడచినది. దీనికి మూలము 1946లో సమర్పింపబడిన భోర్ సంఘపు నివేదిక. అంతకు ముందు ఎల్.ఎం.పి. వంటి లైసెన్షియేటు అర్హతలు గలవారు ఒక తరగతిగను, ఎం.బి.బి.ఎస్. పట్టభద్రులు మఱొక తరగతిగను ఉండిరి. ఆ భేదము పోయి, దేశమంతటను ఒకే ప్రమాణము గల ప్రాథమిక వైద్యుడు తయారు కావలెనని ఆ సంఘము తలచినది. మూస అనుమాట ఇచ్చట నిందకు వాడినది కాదు. పల్లెకు ఒక రకపు వైద్యుడు, పట్టణమునకు వేఱొక రకపు వైద్యుడు అను పద్ధతి తొలగుటకు ఆ మూసయే సాధనమైనది. ఐచ్ఛికమును మెచ్చుకొనువారు ఈ సంగతిని మఱువరాదు. అందఱకును ఒకే చదువు అనునది సమత్వము కోరి చేసిన ఏర్పాటు. ఆ గోడకు కిటికీ పెట్టునప్పుడు గాలి ఎవరి గదిలోనికి వీచునో చూచుకొనవలసియున్నది.

ఆ కిటికీ భారత వైద్యమండలి పేరిట 2019లో ప్రకటింపబడిన పట్టభద్ర వైద్యవిద్యా నిబంధనలతో తెఱవబడినది. మూడవ ఎం.బి.బి.ఎస్. మొదటిభాగపు పరీక్ష ముగిసిన పిమ్మట, రెండవభాగము ప్రారంభమగుటకు ముందు, రెండు నెలలు ఐచ్ఛికమునకు కేటాయించిరి. నాలుగేసి వారముల చొప్పున రెండు ఖండములు. మొదటి ఖండమున విద్యార్థి మూలశాస్త్రముల ప్రయోగశాలలో గాని, జరుగుచున్న పరిశోధనలో ఒక పరిశోధకుని చేతిక్రింద గాని పని చేయవలయును. రెండవ ఖండమున ఆస్పత్రిలోని ఒక చికిత్సావిభాగమునందు గాని, పల్లెలోనో పట్టణములోనో ఉన్న ఒక సాముదాయిక వైద్యశాలలో పర్యవేక్షణముతో గాని గడుపవలయును. నూటికి 75 వంతుల హాజరు, చేసినపనిని వ్రాసిన లాగ్ బుక్కు లేనిదే చివరి పరీక్షకు అర్హత లేదు. మఱుసటి యేడు, అనగా 2020లో, ఈ భాగమును నడపవలసిన తీరును గుఱించి ప్రత్యేకముగా ఒక మార్గదర్శినియు వెలువడినది. విద్యార్థిలో ప్రశ్నించు బుద్ధిని, తనంత తాను నేర్చుకొను అలవాటును పెంచుట ఉద్దేశమని నిబంధనలు చెప్పుచున్నవి. ఉద్దేశమును శంకింప బనిలేదు.

అయితే ఆ ప్రకరణమును ఆద్యంతము చదివినవారికి ఒక వింత తోచును. ఈ కాలమును హాజరు కొఱతను పూరించుటకు గాని, తప్పిపోయిన పోస్టింగులను చేయించుటకు గాని, వేఱొక ప్రయోజనమునకు గాని వాడరాదని ఒక వాక్యమున గట్టిగా కట్టుదిట్టము చేసిరి. మంచి వాక్యము. కాని మామూలు ఆస్పత్రి పోస్టింగులు ఐచ్ఛికకాలమున కూడ నడచుచునే యుండునని మఱొక వాక్యము. ఈ కాలములో కొంత భాగమును ప్రాథమిక నైపుణ్యముల ధ్రువీకరణమును బలపఱచుటకు సంస్థలు వాడుకొనవచ్చునని వేఱొక వాక్యము. కంచె వేసిన చేతులే దానికి రెండు కంతలు విడిచినవి. చేను మేయదలచిన పశువునకు ఒక కంత చాలును.

ఇంతకంటె ముఖ్యమైనది జాబితాను గుఱించిన నియమము. ఏ ఐచ్ఛికములు ఉండవలెనో, ఎన్ని ఉండవలెనో, ఒక్కొక్కదానిలో ఎందఱు చేరవచ్చునో, పర్యవేక్షకులెవ్వరో ముందుగా నిర్ణయించునది సంస్థ. స్థానిక పరిస్థితులను, వనరులను, ఆచార్యుల సంఖ్యను బట్టి అట్లు చేయవలయును. ఇది తప్పని అనరాదు. ఆచార్యుడు లేని విభాగమున విద్యార్థిని చేర్చుటెట్లు? ఐనను ఇచ్ఛ విద్యార్థిదియు, జాబితా సంస్థదియు అయినప్పుడు, ఇచ్ఛ జాబితా యొక్క పొలిమేరలోనే తిరుగును. ఏమి తినెదవని అడిగి వండుట వేఱు. వండినవానిలో ఏది వడ్డింతునని అడుగుట వేఱు. ఆ జాబితాలో నగరపు ఆస్పత్రి విభాగములే ఉన్నచో, పల్లె వైద్యశాల యను మాట నిబంధనలలో ఉండియు లేనట్లే. రెండవ ఖండమును నిర్వచించు వాక్యము ‘లేక’ అను అవ్యయముమీద నిలచియున్నది. ఒకవైపున గుండెజబ్బుల విభాగము, ఐ.సి.యు., క్యాజువాలిటీ, రెండవవైపున పల్లె వైద్యశాల. పోస్టుగ్రాడ్యుయేటు ప్రవేశపరీక్షను తలచుకొని నిద్రలేచు విద్యార్థి ఆ త్రాసులో ఏ తట్టను చూచునో వేఱుగ చెప్పనక్కఱలేదు. దానికి విద్యార్థిని నిందించుటయు న్యాయము కాదు.

2023 నాటి సవరణలతో ఈ రెండు నెలలు ఒక నెల యైనవి. ఖండమునకు పదునైదు దినములు మిగిలినవి. క్రొత్త విభాగములో ఎవరు ఎవరో తెలియుటకే ఒక వారము పట్టును. మిగిలిన వారములో ప్రశ్నించు బుద్ధి ఎంత మేలుకొనునో చెప్పజాలము. కాలము తగ్గించినవారికి కారణములు ఉండియుండవచ్చును. పాఠ్యక్రమము ఇఱుకైనది, పరీక్షలు దగ్గఱపడుచుండును. కాని తగ్గించుటకు మొదట చేతికి దొరకినది ఐచ్ఛికమే యగుట గమనింపదగినది.

ఇక యానాము సంగతి. ఫరంపేట యానామునందలి పేటలలో ఒకటి. సుమారు ముప్పది చదరపు కిలోమీటర్ల యానామునకు చుట్టును ఉన్నది ఆంధ్రప్రదేశమే. ఇంటిభాష తెలుగు, బడిభాష తెలుగు, సంతభాష తెలుగు. 1954లో ఫ్రెంచివారి పాలన తొలగి, 1962లో న్యాయతః విలీనము పూర్తియైన తరువాత కూడ యానాము పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమునందే నిలచినది. రాజధాని ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరమున తమిళదేశపు తీరమున ఉన్నది. కాకినాడ సుమారు ముప్పది కిలోమీటర్లు. అచ్చట 1958 నుండి రంగరాయ వైద్యకళాశాల కలదు. పెద్ద జబ్బు చేసినప్పుడు యానాము ప్రజలు కాకినాడకు పోవుట పరిపాటి. రోగికి ఆ ముప్పది కిలోమీటర్లు ఒక బస్సు ప్రయాణము. సీట్ల లెక్కకు అదియే ఒక రాష్ట్రపు సరిహద్దు.

కావున ఫరంపేట బిడ్డ వైద్యుడు కాదలచినచో సాధారణముగ పుదుచ్చేరి మార్గమే దిక్కు. అచ్చటి ప్రభుత్వపు వాటా సీట్లలో పుదుచ్చేరికి నూటికి 75, కారైకాలునకు 18, మాహేకు 4, యానామునకు 3 చొప్పున ప్రాంతీయ కేటాయింపు ఉన్నది. చిన్న ఊరికి మూడు పాళ్ళు లభించుట అల్పమేమియు కాదు. ఆ మూడు పాళ్ళలో చేరినవారు 2010లో ప్రారంభమైన ఇందిరాగాంధి వైద్యకళాశాలలోనో, మఱియొక కళాశాలలోనో నాలుగున్నర యేండ్లు చదివి, ఒక యేడు హౌస్ సర్జనులుగా పని చేయుదురు. పాఠము ఆంగ్లమున, రోగి తమిళమున. చేరిన తొలిదినములలో జరుగు పునాది తరగతులలో స్థానికభాష నేర్పవలెనని 2019 నిబంధనలు విధించినవి. ఇది ఆ నిబంధనలలోని మేలైన నియమములలో ఒకటి. అచ్చట స్థానికభాష తమిళము. అది నేర్చుట యానాము విద్యార్థికి లాభమే గాని నష్టము కాదు. కాని అయిదున్నర యేండ్ల కాలములో తన ఊరి రోగి తన భాషలో బాధ చెప్పుచుండగా వినవలసిన అవసరము ఆ విద్యార్థికి ఒక్కనాడైనను కలుగకపోవచ్చును. పాఠ్యక్రమములో అట్టి అవకాశము గల చోటు ఒక్కటే యున్నది. అది ఐచ్ఛికము.

ఇంటిభాష తెలుగైనవానికి తెలుగు రోగిని వినుట నేర్పవలయునా యని కొందఱు అడుగవచ్చును. నేర్పవలయును. ఇంటిలో తెలిసిన మాట వేఱు, రోగము పేరుగా తెలియవలసిన మాట వేఱు. ‘గుండెల్లో మంట’ అని రోగి చెప్పినప్పుడు అది చాలసార్లు జీర్ణాశయపు బాధ. ఎప్పుడో ఒకసారి నిజముగ గుండెదే. ‘వేడి చేసింది’ అను మాటలో నోటిపూత ఉండవచ్చును, మూత్రములో మంట ఉండవచ్చును, కేవలము నీరసమే ఉండవచ్చును; ఏదో తెలియుటకు మఱి మూడు ప్రశ్నలు అడుగవలయును, ఆ మూడు ప్రశ్నలును తెలుగులోనే అడుగవలయును. ‘నెమ్ము చేసింది’ అని తల్లి బిడ్డను చేతులలో పెట్టుకొని చెప్పునప్పుడు అది జలుబో, ఊపిరితిత్తుల వాపో తేల్చుకొనవలసినది వినువాడు.

నీరు అను ఒక్క మాటను తీసికొన్నను చాలును. ‘కాళ్ళకు నీరు పట్టింది’ అనగా వాపు. ‘ఉమ్మనీరు పోయింది’ అనగా కాన్పు దగ్గఱపడినదని, ఆలస్యము చేయరాదు. ‘కోడలు నీళ్ళు పోసుకుంది’ అని అత్తగారు చెప్పినచో అది స్నానపు వార్త కాదు, కోడలు గర్భవతియైనదని. పుదుచ్చేరినుండి వచ్చిన తమిళ వైద్యుడు నిఘంటువు పెట్టుకొని ఈ మూడు వాక్యములను విప్పజూచినచో మూడవదానివద్ద ఆగిపోవును. తమిళములో తల తిరుగుననుట వాడుక. తెలుగున తల తిరుగుటయు కలదు, కళ్ళు తిరుగుటయు కలదు. ‘కళ్ళు తిరుగుతున్నాయి డాక్టరుగారూ’ అన్న ముసలమ్మను కంటివైద్యుని యొద్దకు పంపినచో ఆ వైద్యుని తప్పు పట్టలేము. ఆ వాక్యమును అతనికి నేర్పినవారెవరు? ఆడవారు నెలసరిని గుఱించి చెప్పవలసివచ్చినప్పుడు ఎన్ని మాటుమాటలు వాడుదురో, ఆ మాటలు కులమునుబట్టి, పేటనుబట్టి ఎట్లు మాఱునో, గోదావరి తీరమున కొంతకాలము కూర్చుండి విన్నవారికే తెలియును. దీనికి గ్రంథము లేదు. అనువాదకుని పిలిచినను ఆ గదిలో ఆమె నోరు మెదపదు.

ఈ విషయమున యానామునకు ఇటీవల ఒక అనుకూలత కలిగినది. 2024 ఫిబ్రవరి 25న జిప్మర్ వారి బహుళవిభాగ వైద్యకేంద్రము యానామున ప్రారంభింపబడినది. జిప్మరు వంశవృక్షము 1823లో ఫ్రెంచివారు పుదుచ్చేరిలో స్థాపించిన వైద్యపాఠశాల వఱకు పోవును. 2008 నాటి చట్టముతో జాతీయ ప్రాముఖ్యము గల సంస్థయై, తన పాఠ్యక్రమమును తాను తీర్చుకొను అధికారము పొందినది. అట్టి సంస్థకు యానామున ఒక కేంద్రము ఉండగా, కొందఱు విద్యార్థులను రెండవ ఖండమునకై అచ్చటికి పంపుటకు అడ్డేమి? యానాము ప్రభుత్వాస్పత్రియు ఉన్నది. తెలుగు విద్యార్థి మాత్రమే కాదు, తమిళ విద్యార్థి రావలయును; మలయాళపు మాహే విద్యార్థి వచ్చినను మంచిదే. ఒకనాడు యానామున ఉద్యోగము చేయవలసి వచ్చువారు వీరిలోనివారే గదా.

ఐచ్ఛికమునకు ఇంకొక తలంపు జోడించువారున్నారు. విద్యార్థి మొదటి యేడాదినుండియే ఒక రంగమును ఎన్నుకొని, ఆ దారిలోనే తన ఐచ్ఛికములన్నింటిని పేర్చుకొనుచు పోవలెననుట ఆ తలంపు. పరదేశములలో ఇది పాత ప్రయోగమే. అమెరికాలోని స్టాన్ఫర్డు విశ్వవిద్యాలయము 1968లో వైద్యపాఠ్యక్రమమును ఇంచుమించు సమస్తమును ఐచ్ఛికము చేసి, తరువాతి కాలమున నిర్బంధ పాఠములను మరల చేర్చుకొన్నది. 2003లో ప్రతి విద్యార్థియు ఒక రంగమును చేపట్టి అందులో పరిశోధన చేయు పద్ధతిని ప్రవేశపెట్టినది. అంత వనరులు గల సంస్థయే కొలత కుదుర్చుకొనుటకు ముప్పది యేండ్లకు పైగా తీసికొన్నది. మన చోట ఈ దారుల పద్ధతిని తొందరపడి అనుకరించినచో, ఇరువది యేండ్లు నిండకముందే విద్యార్థి నేను గుండెవాడను, నేను మెదడువాడను అని చెప్పుకొనును. యానామునకు గుండెవాడు అక్కఱలేదని కాదు. వరద వచ్చినప్పుడు, 2022 జూలైలో వచ్చినట్లు గోదావరి పేటలలోనికి వచ్చినప్పుడు, అతిసారమును, పాముకాటును, పురిటినొప్పులను ఒకే రాత్రి చూడగలవాడు ముందు కావలయును. అట్టివానిని తయారుచేయు దారికి ఏ జాబితాలోను ఆకర్షణీయమైన పేరు లేదు.

దారి ముందే గీయనందున గొప్పవారు కారని చెప్పుటకును వీలు లేదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మదరాసు వైద్యకళాశాలలో చదివెను. ఖద్దరు ధరించుటచే శస్త్రచికిత్స ఆచార్యుని అసంతృప్తికి పాత్రుడై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. అర్హతతో బయటపడెను. ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించి, అమెరికా చేరి, ఉష్ణమండల వ్యాధులను చదివి, అటుపిమ్మట జీవరసాయనశాస్త్రమునకు మళ్ళెను. ఆయన పోయిన దారిని ఆయనకొఱకు ఎవ్వరును గీయలేదు. దీనినిబట్టి విద్యార్థులను వారి కర్మమునకు విడిచిపెట్టవలెనని వాదించుట మాత్రము పొరపాటు. ఒక సుబ్బారావు నెగ్గుకొని వచ్చెను, మార్గము చూపువారు లేక ఎందఱు ఆగిపోయిరో లెక్క లేదు.

సుబ్బారావు పేరు ఇచ్చట మఱియొక కారణమున కూడ తగినది. 1947లో లెడర్లీ పరిశోధనశాలలో ఆయన నాయకత్వమున వెలువడిన హెట్రజాను, నేడు డి.ఇ.సి. అని పిలువబడు మందు, బోదవ్యాధిపై ఆయుధము. గోదావరి మండలములవారికి బోదకాలు పరిచయము చేయనక్కఱలేదు. ఆ వ్యాధిని కలిగించు సూక్ష్మక్రిములు రాత్రివేళనే రక్తములో విరివిగ తిరుగును. కావున రక్తపరీక్షకు రాత్రి ఇంటింటికి పోవలయును. పుదుచ్చేరిలో 1975 నుండి భారత వైద్యపరిశోధనా మండలివారి కీటకనియంత్రణ పరిశోధనకేంద్రము బోదవ్యాధిపై పని చేయుచున్నది. మొదటి ఖండమునకు ఇంతకంటె మంచి పొత్తు దొరకునా? కేంద్రములోని పరిశోధకుని చేతిక్రింద వారము దినములు సూక్ష్మదర్శినితో పని నేర్చి, మిగిలిన దినములు యానాము పేటలలో రాత్రి రక్తపుచుక్కలు సేకరింపవచ్చును. పదునైదు దినములలో సిద్ధాంతము పుట్టదు. కాని తలుపు తట్టి, నిద్రలేపి, సూది పొడుచుటకు ఒప్పించుటకు కావలసిన తెలుగు వచ్చును. సుబ్బారావు శతజయంతులను సభలుపెట్టి జరుపుకొను జాతికి ఆయన మందు చేఱవలసిన గడపను విద్యార్థికి చూపుట భారము కారాదు.

ఆక్షేపణలు లేకపోలేదు. యానామున పర్యవేక్షింపదగిన ఆచార్యులు తక్కువ; కేంద్రమునకు నిపుణులు వచ్చిపోవు దినములలో గాని బోధన సాగదు. ఈ మాట నిజము. వసతి, ప్రయాణవ్యయము ఎవరు భరింపవలెనన్న చిక్కును ఉన్నది. ఎనిమిది వందల కిలోమీటర్లు పోయి పదునైదు దినములకు తిరిగివచ్చుట చిన్న శ్రమ కాదు. రెండు నెలలున్నప్పుడు ఇది సులువుగ సాగెడిది. ఒక నెలయైన తరువాత రెండు ఖండములను ఒకేచోట కలిపి యానాములో గడుపుటకు అనుమతి కావలసివచ్చును. కాకినాడ కళాశాలతో ఒప్పందము కుదిరినచో పర్యవేక్షకుల కొఱత చాలవఱకు తీఱును. అందులకు రెండు ప్రభుత్వములు, రెండు విశ్వవిద్యాలయములు మాటలాడుకొనవలయును. రోగులు ఏనాడో దాటిన సరిహద్దును విద్యాశాఖలు దాటుటకు ఇంత ప్రయాసపడుట చూచువారికి కొంత నవ్వు పుట్టించును.

లాగ్ బుక్కును గుఱించి ఒక చిన్న మాట. రోగి చెప్పిన ప్రధానబాధను రోగి మాటలలోనే వ్రాసికొనవలెనని వైద్యవిద్యలో పూర్వమునుండి ఒక నియమము కలదు. ఆచరణమున ఆ మాటలు ఆంగ్లమున పడును. ఏ మత్స్యకారుడును పలుకని వాక్యమొకటి అతని పేరిట కాగితమునకెక్కును. యానామున ఐచ్ఛికము చేయు విద్యార్థి ఆ ఒక్క పంక్తిని తెలుగులిపిలో వ్రాసి, దాని క్రింద తాను గ్రహించిన అర్థమును ఆంగ్లమున వ్రాయవలెనని పర్యవేక్షకుడు కోరవచ్చును. తెలుగులిపి రాని తమిళ విద్యార్థి తన లిపిలోనే ఆ ధ్వనిని పట్టుకొనవచ్చును. స్థానిక పాఠశాలలోని తెలుగు ఉపాధ్యాయులు సాయంకాలము ఒక గంట ఆ పుస్తకములను చూచి, ఏ మాటకు ఏ అర్థము తప్పినదో చెప్పగలరు. వారికి ఇది క్రొత్త పని కాదు. పదిమంది విద్యార్థుల పుస్తకములు చేరునప్పటికి గోదావరి తీరపు రోగుల వాడుకమాటల పట్టిక ఒకటి తయారగును. ఆ పట్టికను తరువాతి జట్టునకు చేతికిచ్చి పంపవచ్చును.

వీనిలో దేనికిని క్రొత్త చట్టము అక్కఱలేదు. సంస్థ జాబితాలో యానాము పేరు, దానియెదుట పర్యవేక్షకుని పేరు, విద్యార్థుల సంఖ్య ఉండిన చాలును. ఐచ్ఛికముల జాబితాను విద్యాసంవత్సరారంభముననే విద్యార్థుల ముందుంచుట మంచిదని 2019 నిబంధనలే చెప్పినవి గనుక, ఆ పంక్తిని చేర్పించుటకు విన్నపము పంపదలచినవారు అంతకు రెండు నెలలు ముందుగనే పంపవలసియుండును.